రెండు కుళాయిలు

మేకు దిగడానికి మూడు దెబ్బలు పట్టాయి. మొదటి దెబ్బకు సుత్తి జారింది, రెండో దెబ్బకు మేకు ఒంగింది, మూడో దెబ్బకు సిర్కు వైనియోమాకి అనే ఆవిడ తొమ్మిదేళ్ల శ్రమ విశ్వవిద్యాలయం హాలులోని చెక్కపలకకు వేలాడింది. సిద్ధాంత గ్రంథాన్ని, డాక్టరేటు కోసం దాన్ని సమర్థించుకునే బహిరంగ సభకు పది రోజుల ముందు అలా మేకు కొట్టి అందరికీ కనబడేలా ఉంచడం ఫిన్లాండులో ఆచారం. దారిన పోయేవాళ్లు ఎవరైనా ఆగి పేజీలు తిప్పి చదవవచ్చు. మేకు దిగాక ఒక్క అక్షరం కూడా మార్చే వీలుండదు. అచ్చుతప్పులుంటే సభ రోజున తప్పొప్పుల చీటీ ఒకటి పంచిపెట్టుకోవాలి, అంతే.

సిర్కుకు నలభై ఆరేళ్లు. బడిలో ఇంగ్లీషు చెబుతూ, సెలవుల్లోనూ శనివారాల్లోనూ ఆ గ్రంథం రాసింది. విషయం చెప్పడానికి చిన్నదే. ఇద్దరు భర్తలు, రెండు చావులు, రెండు ఊళ్లు, ఇలా ఏవైనా రెండింటిని పోల్చలేక మనిషి తడబడినప్పుడు ఆ తడబాటును ఇంగ్లీషువాళ్లు ఎలా పలుకుతారు, ఫిన్లాండువాళ్లు ఎలా పలుకుతారు? అందుకోసం పాత వారపత్రికల్లో పాఠకులు రాసుకున్న ఉత్తరాలు పోగు చేసింది. ఇంగ్లీషువి తొంభై ఆరు, ఫిన్నిష్‌వి తొంభై మూడు. తేలింది మాత్రం చిన్న సంగతి కాదు. రెండు జాతులూ ఒకే చోట ఆగుతున్నాయి, ఒకే రకంగా చేతులెత్తేస్తున్నాయి, చివరికి ఒకే లెక్కలో ఉపమానాలు వెతుక్కుంటున్నాయి. భాషలకు ఏ చుట్టరికమూ లేకపోయినా తడబాటు ఒక్కటే. ఈ ఫలితాన్ని చూసి ఆమె పర్యవేక్షకుడు ప్రొఫెసర్ తోర్స్తి హల్లవార మూడు దేశాల్లో ఉపన్యాసాలిచ్చాడు. పట్టా చేతికి రాగానే విశ్వవిద్యాలయంలో ఆమెకు ఖాయమైన అధ్యాపక పదవి ఉంది. పట్టా లేకపోతే ఆ పదవి లేదు.

సుత్తిని కాపలాదారుకు తిరిగి ఇచ్చి బడికి వెళ్లి, మధ్యాహ్నం మళ్లీ వచ్చేసరికి పలక ముందు ఒక ముసలావిడ నిలబడి ఉంది. బూడిదరంగు ఉన్ని టోపీ, భుజాన గుడ్డసంచి. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, పుస్తకాన్ని ముక్కుదాకా లాక్కుని చదువుతోంది.

"ఇది నువ్వు రాసిందేనా అమ్మాయ్?"

"నేనేనండీ."

"నూట డెబ్బై ఒకటో పేజీ. ఈ వితంతువు ఉత్తరం." ఆవిడ వేలు పెట్టి, ఎక్కడా ఆగకుండా చదివింది. "'ఇద్దరు భర్తల్ని సాగనంపాను. ఎవరి కోసం ఎక్కువ ఏడ్చావని మా చెల్లెలు అడుగుతుంది. చలికాలం పొద్దున వంటింట్లో చేతులు కడుక్కుంటాను. ఒక కుళాయి కాలుస్తుంది, రెండోది కొరుకుతుంది. ఏ చెయ్యి ఎక్కువ నొచ్చిందో ఎలా చెప్పను? ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి తూచడం నావల్ల కాదు.'"

"నా పుస్తకం మొత్తానికి ప్రాణం ఆ ఉత్తరమే" అంది సిర్కు.

"అలాగా. మన ఇళ్లలో రెండు నీళ్లూ కలిసి ఒకే కుళాయిలో వస్తాయి కదా. మరి వేడినీళ్లకొకటి, చన్నీళ్లకొకటి, రెండు విడి కుళాయిలున్న వంటిల్లు ఈ దేశంలో ఎక్కడ చూశావమ్మా నువ్వు?"

సిర్కుకు ఇంగ్లండులో చదువుకున్న ఏడాది తను అద్దెకున్న గది గుర్తొచ్చింది. ఆ గదిలో చేతులు కడుక్కునే తొట్టి ఉండేది. తొట్టికి ఆ చివర ఒక కుళాయి, ఈ చివర ఒక కుళాయి ఉండేవి.

ఆవిడ పేరు హిల్యా తెర్వమా. వయసు డెబ్బై ఎనిమిది. విశ్వవిద్యాలయం కాంటీనులో కాఫీ తాగుతూ సంగతంతా చెప్పింది. గొంతు పెంచలేదు, తొందరపడలేదు. పాతికేళ్లపాటు ఆవిడ 'ఇల్తతులి' అనే వారపత్రికలో పనిచేసింది. ఆ పత్రిక ఒక ఇంగ్లీషు పత్రిక నుంచి పాఠకుల ఉత్తరాలను కట్టలుగా కొనుక్కునేది, హిల్యా వాటిని ఫిన్నిష్‌లోకి దించేది. మార్గరెట్‌ను మార్త చేసేది, ఊరిపేరు తీసేసి సొంత ఊరిపేరు పెట్టేది, టీ ఉన్నచోట కాఫీ పోసేది. పైన 'మా పాఠకుల ఉత్తరాలు' అని అచ్చయ్యేది. ఆవిడ పేరు మాత్రం ఎక్కడా అచ్చయ్యేది కాదు.

"అన్నీ మార్చాను. కుళాయిలొక్కటే మర్చిపోయాను. నలభై ఏళ్లనుంచీ ఎవరైనా పట్టుకుంటారేమో అని చూస్తున్నా. ఎవరూ పట్టుకోలేదు. నువ్వైతే దాన్ని మన ఆత్మ అని రాశావు."

"ఎన్ని ఉత్తరాలు?" అని అడిగింది సిర్కు.

హిల్యా సంచిలోంచి నీలిరంగు అట్ట ఉన్న బడిపుస్తకం తీసింది. తేదీ, సంచిక, ఇంగ్లీషు పేరు, మార్చిన పేరు, అన్నీ పెన్సిలుతో గీతలు కొట్టి రాసుంది. "నీ పుస్తకం చివరి పట్టికలో ఉన్నవి తొంభై మూడు. పొద్దున్నించీ ఆ పలక దగ్గరే నిలబడి సరిచూశాను. అరవై నాలుగు నావి."

తొంభై మూడింట్లో అరవై నాలుగు. సిర్కు ఇంగ్లీషువాళ్లను ఇంగ్లీషువాళ్లతోనే పోల్చి, ఇద్దరూ ఒకలాగే ఉన్నారని తొమ్మిదేళ్లు ఆశ్చర్యపోయింది. అచ్చులో పేరూ ఊరూ కనబడితే ఫిన్లాండులో ఎవరూ నిజమేనా అని రెండోసారి అడగరు. అదొక గొప్ప గుణమని వాళ్ల నమ్మకం. ఆ గుణమే ఆమెను ముంచింది.

"మరి నిజంగా మనవాళ్లు రాసినవి?"

"వచ్చేవి. సంపాదకుడు అవతల పారేయమనేవాడు. నాకు మనసొప్పక ఇంటికి పట్టుకెళ్లేదాన్ని. ఇదిగో, ఒకటి తెచ్చాను."

చిన్న గళ్ల కాగితం. మీద ఎర్ర పెన్సిలుతో సంపాదకుడి రాత: పొట్టిది, వద్దు. కింద నాలుగే నాలుగు వాక్యాలు. 'ఆర్వో తాగేవాడు. పెంతి తాగడు. ఆదివారాలు ఆర్వో సమాధికి వెళ్తాను. పెంతి కారులో కూర్చుంటాడు.'

సిర్కు దాన్ని మూడుసార్లు చదివింది. పోల్చడం కష్టమన్న మాట అందులో ఎక్కడా లేదు. ఉపమానం లేదు, చేతులెత్తేయడం లేదు. ఇద్దరు భర్తల్నీ పక్కపక్కన పెట్టి, ఆ రాసినావిడ ఊరుకుంది. ఇలాంటి మాట తన గ్రంథంలోని రెండువందల పన్నెండు పేజీల్లో ఒక్కచోటా లేదని సిర్కుకు ఆ క్షణాన తెలిసిపోయింది.

"ఏం చేయమంటారు?"

"నేనెవర్తెని చెప్పడానికి? ఆ సభకు ఎవరైనా రావచ్చట కదా. వస్తాను" అంది హిల్యా, చల్లారిన కాఫీ అడుగుదాకా తాగి.

ప్రొఫెసర్ హల్లవార అంతా విన్నాడు. వింటున్నంతసేపూ కిటికీలోంచి, పేవ్‌మెంటు మీద కరిగి నల్లబడిన మంచును చూశాడు.

"ఒక ముసలావిడ. ఒక బడిపుస్తకం. దీనికోసం నువ్వు నా గదిలోకి ఇలా పరుగెత్తుకొచ్చావా?"

"అరవై నాలుగు ఉత్తరాలు సార్. సంచికలతో సహా రాసుంది. గ్రంథాలయంలో ఆ ఇంగ్లీషు సంచికలతో నేను ఆరు సరిచూశాను. ఆరూ సరిపోయాయి."

"ఆరుతో ఆపెయ్. ఇద్దరు పరీక్షకులు చదివి సరేనన్నారు. గ్రంథం అచ్చయింది, మేకు దిగింది. సభలో నిన్ను ప్రశ్నించే ప్రతివాదిగా లింద్రూస్ గారు వస్తున్నారు, ఆవిడకు నీ ఐదో అధ్యాయమంటే ప్రాణం. ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒక్కటే. సభకు వేసుకునే నల్లబట్టలు ఇస్త్రీ చేయించుకో."

"ఆవిడ సభలో లేస్తే?"

"లేవదు." ఆయన మొదటిసారి ఆమెవైపు తిరిగాడు. "నేను ముప్ఫై ఒక్క సభలు నడిపాను. చివర్లో అభ్యర్థి ప్రేక్షకుల్ని అడుగుతుంది కదా, అభ్యంతరాలున్నవాళ్లు చెప్పండి అని. ఎంతమంది లేచారనుకున్నావు? ఒక్కడు. వాడూ కిటికీ వేయమని లేచాడు. మనవాళ్లు లేవరు, సిర్కు. తర్వాత వ్యాసం రాసుకో, మరికొంత సామగ్రి దొరికింది, కొన్ని సందేహాలున్నాయి అని. అందరూ చేసేదే."

"అది అబద్ధం కాదా?"

"నిన్ను అబద్ధం చెప్పమని ఎవరన్నారు? ఊరుకోమన్నాను."

చదువుకున్న మగవాళ్లు ఈ రెండు మాటల మధ్యా కట్టుకున్న గోడ ఎంత పలుచనిదో సిర్కుకు తెలియకపోలేదు. అయినా ఆ రోజు ఆ గోడకే ఆనుకుని ఇంటికి వెళ్లింది.

తొమ్మిది రోజులు గడిచాయి. ఆ తొమ్మిది రోజుల్లో, హిల్యా పుస్తకంలోంచి రాసుకున్న పట్టిక పెట్టుకుని మిగతా ఉత్తరాలన్నీ సరిచూసింది. అరవై నాలుగూ సరిపోయాయి. సభనాటి ఉదయం ఇంట్లో రెండు రకాల తప్పొప్పుల చీటీలు అచ్చు తీసుకుంది, ఒక్కోటి అరవై. తెల్లచీటీలో పదకొండు అచ్చుతప్పులున్నాయి. పసుపు చీటీలో ఒకే వాక్యం ఉంది: 'ఐదో అధ్యాయంలో ఫిన్నిష్ ఉత్తరాలుగా చూపిన తొంభై మూడింటిలో అరవై నాలుగు హిల్యా తెర్వమా ఇంగ్లీషు నుంచి చేసిన అనువాదాలు, కాబట్టి ఆ అధ్యాయంలోని పోలిక చెల్లదు.'

చెల్లెలు తైమి వంటింట్లో రొట్టెలూ పొగచేపా మీగడా పొరలుగా పేర్చి, సభ తర్వాత పెట్టే ఉప్పు కేకు కడుతోంది. బేకరీ నడుపుతుంది తైమి, చదువంటే భయంలేని మనిషి.

"అక్కా, నీ మొహమేమిటి, ఊడిన తలుపులా ఉంది? ఎవరైనా పోయారా?"

"ఇంకా లేదు."

"మంచిది. పోయేదేదో కేకు తిన్నాక పొమ్మను. నలభైమందికి కట్టాను. దోసకాయ ముక్కలు నువ్వు పెట్టు. వంకరగా పెట్టావంటే డాక్టరైనా సరే ఊరుకోను."

సిర్కు దోసకాయ ముక్కలు పెట్టింది. తిన్నగానే పెట్టింది. తర్వాత రెండు కట్టలూ సంచిలో వేసుకుంది.

సభాభవనం తలుపు దగ్గర చీటీలు పెట్టే చిన్న బల్ల ఉంటుంది. సంచిలో చెయ్యి పెట్టినప్పుడు ఆమె వేళ్లు రెండు కట్టలనూ తాకాయి. వెనక హల్లవార పొడవు కోటు వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆమె తెల్లకట్ట తీసి బల్లమీద పెట్టింది. ఆయన ఒకటి తీసి, చదివి, నాలుగుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బావుంది" అన్నాడు.

పన్నెండుంపావుకు ముగ్గురూ వరసగా లోపలికి నడిచారు. ముందు అభ్యర్థి, వెనక సభాధిపతి హోదాలో హల్లవార, ఆ వెనక ప్రతివాది ప్రొఫెసర్ గున్వోర్ లింద్రూస్. జనం లేచి నిలబడ్డారు. మూడో వరుసలో, నడవా పక్కన, బూడిదరంగు ఉన్ని టోపీ. హిల్యా ఒళ్లో నీలిరంగు బడిపుస్తకం.

తొలి ఉపన్యాసానికి ఇరవై నిమిషాలు. సిర్కు కాగితం చూసి చదివింది. తను రాసిన వాక్యాలే ఎవరో అపరిచితులు ఆమెకు చెప్పి పలికిస్తున్నట్టున్నాయి. ఆ తర్వాత లింద్రూస్ ప్రశ్నలు మొదలుపెట్టింది. అరవై దాటిన సన్నటి మనిషి, పెన్సిలు చివర బల్లకు ఆనించి మాట్లాడుతుంది, ఎదుటివాళ్లను తొందరపెట్టదు. మొదటి నాలుగు అధ్యాయాల మీద గంటన్నర అడిగింది. సిర్కు జవాబులు చెప్పింది, మంచి జవాబులే చెప్పింది. అది ఆమెకే భరించరాకుండా ఉంది.

"ఇక ఐదో అధ్యాయం" అంది లింద్రూస్. "నూట డెబ్బై ఒకటో పేజీలో ఒక వితంతువు ఉంది. నేను ఆమెను రెండు వారాలుగా మరవలేకపోతున్నాను. అనుమతిస్తే చదువుతాను."

చదివింది. ఒక కుళాయి కాలుస్తుంది, రెండోది కొరుకుతుంది. సభలో ఎవరో నిట్టూర్చారు. సిర్కు మూడో వరుసవైపు చూడకూడదనుకుంటూనే చూసింది. హిల్యా కళ్లు మూసుకుని వింటోంది. పెదవులు కదులుతున్నాయి. ప్రతి మాటా లింద్రూస్ కంటే ముందే ఆ పెదవుల మీదికి వస్తోంది.

"మీ వాదనకు ఇంతకంటే బలమైన సాక్ష్యం ఉందా?"

"లేదు" అంది సిర్కు. అంతవరకూ అది నిజమే.

రెండున్నరకు లింద్రూస్ లేచి నిలబడి తుది మాట చెప్పింది. గ్రంథంలో లోపాలున్నాయనీ, అవి చిన్నవనీ, ఐదో అధ్యాయం ఒక్కటే పట్టాకు చాలుననీ, ఆమోదించవలసిందిగా విశ్వవిద్యాలయానికి తను సిఫారసు చేస్తున్నాననీ చెప్పింది. పట్టా వచ్చేసింది. హల్లవార కుర్చీలో కొంచెం వెనక్కి వాలాడు. వెనక వరుసలో తైమి రెండు బొటనవేళ్లూ పైకెత్తింది.

మిగిలింది ఆచారం. సిర్కు ప్రతివాదికి కృతజ్ఞతలు చెప్పి జనంవైపు తిరిగింది. ఆ మాటలు బడిపిల్లలా వల్లె వేసుకుని వచ్చినవే.

"మాన్యులారా, ఈ గ్రంథం మీద అభ్యంతరం చెప్పదలచినవారు ఇక్కడ ఎవరైనా ఉంటే, మాట్లాడే అనుమతిని సభాధిపతి నుంచి కోరవలసిందిగా ప్రార్థిస్తున్నాను."

ఎవరూ కదల్లేదు. కిటికీ అవతల వెలుగు అప్పుడే పలచబడుతోంది. సిర్కు మూడో వరుసనే చూస్తోంది. లే, అనుకుంది. నువ్వు లేస్తే నేను కాదనను. ఆధారం చూపిస్తే ఒప్పుకుంటాను, తలవంచుతాను, అంతా నీ చేతుల మీదుగా జరిగిపోతుంది.

హిల్యా లేవలేదు. బడిపుస్తకం మూసే ఉంది, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. ఆమె సిర్కును చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, బెదిరింపు లేదు, జాలి అసలే లేదు. పాతికేళ్లు పేరు లేకుండా పనిచేసిన మనిషి, పేరున్నవాళ్లు తమ పని తాము చేస్తారా లేదా అని చూసే చూపు అది.

హల్లవార గొంతు సవరించుకున్నాడు. సభ ముగిసిందని ప్రకటించడానికి చేతులు బల్లకు ఆనించి లేవబోయాడు.

"సభాధిపతిగారూ" అంది సిర్కు. "మాట్లాడే అనుమతి కోరుతున్నాను."

ఆయన సగం లేచినవాడు అలాగే ఆగిపోయాడు. "నువ్వు అభ్యర్థివి" అన్నాడు, ముందు వరుసకు మాత్రమే వినబడేంత మెల్లగా. "అభ్యర్థి అడగడానికి వీల్లేదు."

"అభ్యంతరం ఉన్నవారు ఎవరైనా అన్నాను సార్. నాకుంది."

"సిర్కు, కూర్చో. అయిపోయింది."

లింద్రూస్ పెన్సిలు బల్లమీద పడుకోబెట్టింది. "హల్లవారగారూ, మీ దగ్గర అనుమతి అడిగారు. ఇస్తున్నారా, నిరాకరిస్తున్నారా? నిరాకరిస్తే కారణం నా నివేదికలో రాయాల్సి ఉంటుంది."

హల్లవార చేత్తో ఏదో సైగ చేశాడు. అది అనుమతే అనుకోవాలి.

సిర్కు సంచిలోంచి పసుపు చీటీల కట్ట తీసింది. ముందు ఒకటి ప్రతివాది ముందు పెట్టింది. తర్వాత మెట్లు దిగి ఒక్కో వరుసకూ అందించింది, బడిలో ప్రశ్నపత్రాలు పంచినట్టే, చివరి వరుస దాకా. మూడో వరుసలో హిల్యా తనకు వద్దని తల ఊపి, పక్కవాళ్ల చీటీలోకి తొంగిచూసింది. సభంతా చదువుతోంది. కాగితాల చప్పుడు తప్ప ఏమీ లేదు. వేదిక మీదికి తిరిగి వెళ్లి సిర్కు చెప్పింది:

"మీరందరూ ఇప్పుడే విన్న ఆ వితంతువు ఫిన్లాండు మనిషి కాదు. ఇంగ్లండు మనిషి. ఆమెను మన భాషలో మాట్లాడించినవారు మూడో వరుసలో కూర్చున్నారు. మన వంటింట్లో రెండు కుళాయిలుండవని నాకు తట్టలేదు. ఈ సంగతి నాకు పది రోజులుగా తెలుసు. ఇందాక తలుపు దగ్గర పెట్టిన తెల్లచీటీలో రాయలేదు. ఆ తప్పు కూడా నాదే."

లింద్రూస్ చీటీని రెండోసారి చదివింది. ఇరవై నిమిషాల క్రితం మెచ్చుకున్న పేజీ తీసి, మార్జినులో నిలువుగీత ఒకటి గీసింది. లేచి నిలబడింది.

"అభ్యర్థి చెప్పింది సరైతే, సరైనదనే నాకు అనిపిస్తోంది, నా సిఫారసును ఉపసంహరించుకుంటున్నాను. ఐదో అధ్యాయం లేకుండా ఈ గ్రంథం నిలవదు. రెండు వారాల్లో రాతపూర్వకంగా పంపిస్తాను." కొంచెం ఆగి, పొడిగా చేర్చింది. "నేనూ నా వంటింట్లో రోజూ చేతులు కడుక్కుంటాను. నాకూ తట్టలేదు. అదీ రాస్తాను."

రెండూ నలభై ఒకటికి హల్లవార సభ ముగించాడు. పొడవు కోటు గుండీలు పెట్టుకుంటూ, ఎవరి ముఖమూ చూడకుండా, పక్క తలుపు గుండా వెళ్లిపోయాడు.

కేకు మాత్రం నలభైమందికి కట్టి ఉంది. హాలులో, మేకుకు వేలాడుతున్న పుస్తకానికి పది అడుగుల దూరంలో, తైమి దాన్ని ముక్కలు కోసింది. ఏం జరిగిందో ఆమెకు సగమే అర్థమైంది. ఆ సగంతోనే కోపంగా ఉంది.

"తొమ్మిదేళ్లు అక్కా. వచ్చేసిందాన్ని మళ్లీ పారేసుకోవడం నీ దగ్గరే నేర్చుకోవాలి. తిను. పొద్దున్నించీ ఏమీ తినలేదు. ఆ టోపీ ఆవిడకూ పెట్టు, ఈ పెంటంతా ఆవిడదేనట కదా."

"అవునమ్మా, నాదే" అంది హిల్యా, ప్లేటు అందుకుంటూ. "చేప బావుంది. ఉప్పు కాస్త తగ్గింది."

"మీరెందుకు లేవలేదు?" అని అడిగింది సిర్కు.

"నేను చెప్పాల్సింది మేకు కొట్టిన రోజే చెప్పాను కదా. రెండోసారి చెప్పడమెందుకు? పుస్తకం నీది." హిల్యా ఫోర్కుతో దోసకాయ ముక్క పక్కకు తీసింది. "నా పేరు అచ్చులో చూడ్డం ఇదే మొదటిసారి. తప్పొప్పుల చీటీలో. అక్షరాలు సరిగ్గానే వేశావు."

లింద్రూస్ కాఫీ కప్పుతో వచ్చి వాళ్ల పక్కన నిలబడింది. తర్వాత, తనకు నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టు అడిగింది. "ఏది ఎక్కువ కష్టమైంది మీకు? ఆ తొమ్మిదేళ్లా, ఈ పది రోజులా?"

సిర్కు దగ్గర ఈ ప్రశ్నకు జవాబులు నూట ఎనభై తొమ్మిది ఉన్నాయి, అన్నీ పట్టికలో వరసగా, ఉపమానాలతో సహా. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"తొమ్మిదేళ్లు రాశాను" అంది. "పది రోజులు నిద్రపోలేదు."

ఆమె ఇంకేమైనా చెబుతుందేమోనని లింద్రూస్ చూసింది. సిర్కు, ఆ గళ్ల కాగితం మీది ఆవిడలాగే, అక్కడితో ఊరుకుంది. హిల్యా తలెత్తి ఆమెవైపు ఒకసారి చూసి, మళ్లీ కేకువైపు తిరిగింది.